చూడండి బాబాయి

కార్ల షోరూములో ఎవరి పని వాళ్ళకి ఉంటుంది. ఒకరు నవ్వాలి, ఒకరు కాఫీ ఇవ్వాలి, ఒకరు అద్దాల మీద వేలిముద్రలు తుడవాలి, ఒకరు బ్యాంకు అప్పు గురించి తీయగా మాట్లాడాలి. బాబాయి పని పక్క సీట్లో కూర్చోవడం. కారు కొందామని వచ్చిన మనిషి ఒకసారి నడిపి చూస్తానంటే, ముక్కూ మొహం తెలియని ఆ మనిషి చేతిలో స్టీరింగుతో పాటు తన ప్రాణం కూడా పెట్టి, బెల్టు బిగించుకుని కూర్చోవాలి. కూర్చోవడం కూడా ఒక ఉద్యోగమేనా అని ఎవరికైనా అనిపించవచ్చు. అలా అనిపించినవాళ్ళు ఒక్క పూట వచ్చి కూర్చుంటే సరిపోతుంది.

మామూలు కార్లయితే కొంత నయం. పెళ్ళాం బిడ్డలు వెనక సీట్లో ఉంటారు కాబట్టి మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుపుతాడు. స్పోర్ట్స్ కారుకి ఉండేవి రెండే సీట్లు. ఒకటి కొనేవాడిది, రెండోది బాబాయిది. కొనేవాడి భార్య కాఫీ కప్పు పట్టుకుని అద్దాల తలుపు దగ్గర నిలబడి, తను కూర్చోవలసిన చోట ఎవరో తెల్లజుట్టు పెద్దమనిషి కూర్చుని వెళ్ళిపోతుంటే చూస్తూ ఉంటుంది. పైగా ఆ కారు నేలకి అంటుకుపోయినంత ఎత్తులో ఉంటుంది. అందులోకి ఎక్కడం అంటూ ఉండదు, దిగడమే. ముందు నడుము వంచాలి, తర్వాత ఒక కాలు లోపల పెట్టాలి, ఆ తర్వాత దేవుడి మీద భారం వేసి కూలబడాలి. తిరిగి వచ్చాక బావిలోంచి వస్తున్నట్టు తలుపు అంచు పట్టుకుని పైకి లేవాలి. వయసులో ఉన్నప్పుడు ఇదొక సరదా. ఇప్పుడు ప్రతిసారీ నడుము ఒక మాట, మోకాలు ఒక మాట అంటున్నాయి.

మోకాలి సంగతి వేరే చెప్పాలి. పక్క సీటు ముందు బ్రేకు ఉండదు. ఆ సంగతి బాబాయి బుర్రకి తెలుసు, కాలికి తెలియదు. కొనేవాడు మలుపులో వేగం పెంచినప్పుడల్లా బాబాయి కుడికాలు తనంతట తానే నేలని తొక్కుతుంది. అందుకే షోరూములో నడిపి చూపించే కార్లన్నిటికీ పక్క సీటు ముందున్న మ్యాటు ఒకేచోట అరిగిపోయి ఉంటుంది. "బాబాయ్, ఇంకొంచెం గట్టిగా తొక్కితే కింద రోడ్డు కనపడుతుంది" అని వర్క్‌షాపు వాళ్ళు ఆటపట్టిస్తారు. బాబాయి కూడా నవ్వుతాడు. ఏళ్ళ తరబడి లేని బ్రేకు తొక్కీ తొక్కీ మోకాలి చిప్ప అరిగిపోయిందని డాక్టరు చెప్పినప్పుడు మాత్రం ఆయనకి నవ్వు రాలేదు. మనిషి కంటే మ్యాటే నయం, దాన్ని మార్చి కొత్తది వేస్తారు.

ఇంత భయమైతే 'నెమ్మదిగా పోనివ్వండి' అనవచ్చు కదా? అనకూడదు. ఆ మాట షోరూములో నిషేధం. మేనేజరు ప్రతి సోమవారం అందరినీ నిలబెట్టి మరీ చెబుతాడు. మనం అమ్మేది వేగం, దాన్ని కొనడానికి వచ్చినవాడికి నెమ్మది అని చెబితే వాడి మొహం మీద తలుపు వేసినట్టే అని. మేనేజరుకేం, ఆయన కూర్చునే కుర్చీకి చక్రాలున్నా అది గది దాటి పోదు.

అందుకని బాబాయి తనకంటూ ఒక పద్ధతి కనిపెట్టుకున్నాడు. కారు మితిమీరి పోతోందని అనిపించగానే వేలు పెట్టి బయటికి చూపిస్తాడు. "అటు చూడండి సార్, ఆ మేడ పునాదులు వేసి ఎన్నాళ్ళయిందో, ఇంకా అలాగే ఉంది." మనిషి తల అటు తిప్పుతాడు. తల తిరిగితే చాలు, కాలు దానంతట అదే యాక్సిలరేటరు మీద నుంచి లేస్తుంది. కారు నెమ్మదిస్తుంది. కొనేవాడికి తనని ఎవరో ఆపారన్న సంగతే తెలియదు. పెట్రోలు బంకు దాటాక పసుపురంగు నీళ్ళ ట్యాంకు, గోదాముల రోడ్డు మొదట్లో మొక్కల నర్సరీ, మలుపు ముందు ఆ పూర్తికాని మేడ, ఇవన్నీ బాబాయికి బ్రేకులు. చూపించేది మరీ బాగా ఉండకూడదు. ఒకసారి వాన వెలిశాక ఇంద్రధనుస్సు చూపించాడు. ఆ మనిషి కళ్ళు అక్కడే వదిలేసి కారుని డివైడరు ఎక్కించబోయాడు. అప్పటి నుంచీ అందమైనవాటి జోలికి పోవడం మానేశాడు.

'చూడండి బాబాయి' అన్న పేరు అలా వచ్చింది. వరసకి ఆయన అక్కడ ఎవరికీ బాబాయి కాడు, అయినా యజమాని దగ్గర నుంచి తోటమాలి దాకా అందరికీ బాబాయే.

ఉద్యోగంలో అంటుకున్న అలవాటు గేటు దగ్గర ఆగదు కదా. ఇంట్లోనూ అదే వరస. ఎవరికి ఏ కష్టం వచ్చినా తిన్నగా చెప్పలేడు, దేన్నో ఒకదాన్ని చూపిస్తాడు. పుట్టింటి నుంచి తల్లి పోయిందని ఫోను వచ్చిన రోజు భార్య వంటింట్లో ఉంది. ఆయన వెళ్ళి కిటికీ దగ్గర నిలబడి, "ఎదురింటివాళ్ళు గోడకి కొత్త రంగు వేస్తున్నారు, చూశావా?" అన్నాడు. ఆమె చూసింది. చూసి నవ్వి, ఏదో అనబోయి, వెనక్కి తిరిగి ఆయన మొహం చూసింది. ఆ రోజు నుంచీ ఆమెది ఒకటే మాట. "మీరు ఏదన్నా చూడమన్నారంటే నాకు గుండె దడ. చావు కబురైనా సరే, తిన్నగా చెప్పండి మహానుభావా."

ఆమెకి ఒక తమ్ముడు. అట్టపెట్టెలు తయారుచేసే కార్ఖానా పెట్టాడు. నిన్నటిదాకా సైకిలు మీద తిరిగిన మనిషి, నాలుగు పెద్ద కంపెనీలు వాడి పెట్టెలే కావాలనేసరికి ఒక్కసారిగా పైకొచ్చాడు. మనసు మంచిదే, నోరే కాస్త పెద్దది. ఏ పని చేసినా ముందు ఊరంతా చాటింపు వేసి, తర్వాత మొదలుపెడతాడు. వారం వారం అక్క చేతి భోజనానికి వచ్చి బావ చేత షోరూము కబుర్లు చెప్పించుకుని పొట్ట పట్టుకుని నవ్వుతాడు. అలాంటి ఒక పూట బాబాయి ఉత్సాహంలో నోరు జారాడు. నర్సరీ, నీళ్ళ ట్యాంకు, ఇంద్రధనుస్సు, అన్నీ నటించి మరీ చూపించాడు. బామ్మర్దికి నవ్వలేక పొలమారింది. తన పనిముట్టుని తానే విరగ్గొట్టుకుంటున్నానని బాబాయికి అప్పుడు తెలియలేదు.

ఇదిలా ఉండగా షోరూములో తలుపు పక్కనున్న బల్ల ఖాళీ అయింది. వచ్చినవాళ్ళకి నమస్కారం పెట్టి లోపలికి పంపే అమ్మాయి వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయింది. మెత్తటి కుర్చీ, నడుముకి ఆనుకునే వీపు, కాళ్ళు చాపుకోవడానికి చోటు. బాబాయి దాని పక్క నుంచి నడిచేటప్పుడల్లా ఒకసారి చేత్తో తాకి వెళ్ళేవాడు. చివరికి సిగ్గు విడిచి మేనేజరుని అడిగాడు.

"మీకు కాక ఇంకెవరికిస్తాం బాబాయ్" అన్నాడు మేనేజరు. ఆయన కాదనడం ఎవరూ వినలేదు, ఔనన్నది జరగడం కూడా ఎవరూ చూడలేదు. "కానీ ఆ ఎర్ర కారు చూశారుగా. వచ్చినప్పటి నుంచీ కదలట్లేదు. యజమాని గారు రోజూ దాని చుట్టూ ప్రదక్షిణం చేసి నా వైపు చూస్తున్నారు. మీ బామ్మర్ది గారు కొంటారని విన్నాను. అది గేటు దాటిన రోజు ఆ కుర్చీ మీదే."

బామ్మర్ది కొంటానన్న మాట నిజమే. బాబాయి అడగకుండానే వాడు ఎర్ర కారు మీద మనసు పడ్డాడు. పడ్డ మర్నాడే బంధువులందరికీ ఫోన్లు చేశాడు, కార్ఖానాలో మిఠాయిలు పంచాడు, ఇంటి ముందు రేకుల షెడ్డు వేయించి దానికి కూడా ఎర్ర రంగే కొట్టించాడు. ఇక కారు రావడమే తరువాయి.

నడిపి చూసే రోజున బామ్మర్ది చేతులకి తోలు గ్లవ్స్ వేసుకుని వచ్చాడు. చూడగానే కాఫీ ఇచ్చే అమ్మాయి కప్పు వెనక మొహం దాచుకుంది. షోరూములో ఒక రివాజు ఉంది. నడిపి చూసి వచ్చేవాడు ముందు గేటు గుండా తనే నడుపుకుంటూ రావాలి, సిబ్బంది అంతా మెట్ల మీద వరసగా నిలబడి చప్పట్లు కొట్టాలి, ఆ ఊపులోనే మేనేజరు తలుపు దగ్గరి గంట మోగించి బేరం ఖాయం అని ప్రకటించాలి. ఆ చప్పట్ల మధ్య 'ఆలోచించుకుని చెబుతాను' అనగలిగిన మగవాడిని బాబాయి ఇంతవరకూ చూడలేదు. మేనేజరు గంట తాడు అప్పుడే సవరించుకుంటున్నాడు.

"పద బావా, గాల్లో తేలించుకొస్తా నిన్ను" అన్నాడు బామ్మర్ది.

బాబాయి నడుము వంచి, కాలు పెట్టి, కూలబడ్డాడు. ఇదే ఆఖరిసారి అనుకున్నాడు. ఆ అనుకోవడంలో ఎంత సుఖముందంటే, కాసేపు మోకాలు నొప్పి కూడా గుర్తు రాలేదు.

పెట్రోలు బంకు దాకా బాగానే నడిచింది. గోదాముల రోడ్డు ఎక్కగానే బామ్మర్దికి కళ్ళు నెత్తికెక్కాయి. అది తిన్నని రోడ్డు, రెండు పక్కలా పొడుగాటి గోడలు. కారు గర్జించింది, గోడలు వెనక్కి పరుగెత్తాయి. బాబాయి కుడికాలు నేలని తొక్కింది. దూరంగా ఒక గోదాము గేటు తెరుచుకుని ఉంది. ఆ గేటులోంచి ఏదో బయటికి వస్తున్నట్టు నీడ కదిలింది.

"అదిగో, ఆ నర్సరీ చూడరా. ఎన్ని పూలు పూశాయో" అన్నాడు బాబాయి, అలవాటు కొద్దీ.

బామ్మర్ది పకపకా నవ్వాడు. నర్సరీ వైపు కాదు, బావ మొహంలోకి చూసి మరీ నవ్వాడు. "నెమ్మదిగా వెళ్ళమనేగా! నీ పప్పులు నా దగ్గర ఉడకవు బావా!" అని ఇంకాస్త తొక్కాడు.

గేటులోంచి నీళ్ళ లారీ ముక్కు బయటికి వచ్చింది. వాడు ఇంకా బావ వైపే చూస్తున్నాడు.

"ఆపు!" అన్నాడు బాబాయి. ఆ సీట్లో కూర్చున్నన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. "ఆపరా ఒరేయ్, ఆపు!"

ఆ గొంతు బామ్మర్ది ఎప్పుడూ వినలేదు. బావకి అలాంటి గొంతు ఒకటి ఉందనే వాడికి తెలియదు. కాలు బ్రేకు మీద పడింది. టైర్లు కీచుమన్నాయి, కారు అడ్డంగా తిరిగి, లారీ చక్రానికి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఆగింది. లారీ డ్రైవరు కిందికి చూసి, వాళ్ళిద్దరి ముందు తరాలనీ తర్వాతి తరాలనీ కలిపి తిట్టి, తన దారిన తను వెళ్ళిపోయాడు.

కాలిన రబ్బరు వాసన లోపలికి వచ్చింది. బామ్మర్ది గ్లవ్స్ తీయబోయాడు, చేతులు వణికి రాలేదు. బాబాయే ఒక్కొక్క వేలూ లాగి తీశాడు.

"నాకది కనపడనే లేదు బావా" అన్నాడు వాడు. తర్వాత చిన్నగా, "భయమేసింది" అన్నాడు. ఇంకా చిన్నగా, "ఇది నాకొద్దు బావా. కానీ అందరికీ చెప్పేశాను. షెడ్డు కూడా వేయించాను. ఇప్పుడు వద్దంటే ఏం మొహం పెట్టుకుని తిరగను?"

బాబాయి నాలుక చివర ఒక వాక్యం సిద్ధంగా ఉంది. 'మొదటిసారి అందరికీ అలాగే ఉంటుంది, వారం రోజుల్లో చేతిలోకి వచ్చేస్తుంది.' ఎంతమందికి చెప్పాడో ఆ మాట. విన్నవాళ్ళందరూ ధైర్యం తెచ్చుకుని, ముందు గేటు గుండా నడుపుకుంటూ వెళ్ళి, చప్పట్లు కొట్టించుకున్నారు. ఇప్పుడు కూడా ఆ ఒక్క మాట చాలు. మెత్తటి కుర్చీ కళ్ళ ముందు కనపడింది, దాని వీపు, దాని కింద కాళ్ళు చాపుకునే చోటు. ఆయనకి అది కావాలి. చాలా కావాలి. ఒంట్లో ఓపిక అయిపోయిందని ఆయనకి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు?

"వద్దురా. కొనొద్దు" అన్నాడు. "నేను వద్దన్నానని చెప్పు. బావ కొననివ్వలేదని చెప్పుకో."

"నీకేం ఇబ్బంది కాదుగా?"

"నాకేంటి ఇబ్బంది" అన్నాడు బాబాయి. కుర్చీ సంగతి వాడికి చెప్పలేదు. "లే, ఇటు వచ్చి కూర్చో. నేను నడుపుతాను."

స్టీరింగు దగ్గర కూర్చుంటే ఆయన కాలికి నిజమైన బ్రేకు తగిలింది. వెనక్కి వచ్చేటప్పుడు సైకిళ్ళు కూడా ఆ ఎర్ర కారుని దాటుకుని పోయాయి. గేటు దగ్గర సిబ్బంది చేతులు పైకెత్తి సిద్ధంగా ఉన్నారు. స్టీరింగు పక్క నుంచి బాబాయి దిగడం చూసి ఆ చేతులు అలాగే ఆగిపోయాయి. ఇద్దరు ముగ్గురు అలవాటులో కొట్టేసి, పక్కవాళ్ళని చూసి ఆపేశారు.

బామ్మర్ది అప్పటికి తేరుకున్నాడు. అందరికీ వినిపించేలా, "ఏం చేస్తాం సార్, మా బావ వద్దంటున్నాడు. పెద్దవాళ్ళ మాట కాదనలేను" అన్నాడు. అని, గ్లవ్స్ జేబులో కుక్కుకుని, బావ వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

మేనేజరు గంట తాడు వదిలేశాడు. అరిస్తే బాగుండేది, అరవలేదు. "బాబాయ్, మన షోరూములో జీతం తీసుకుంటూ మీరే వద్దన్నారా?" అన్నాడు, నిజంగా అర్థం కాక అడుగుతున్నట్టు. బాబాయి తల వంచుకుని నిలబడ్డాడు. చెప్పాలంటే బామ్మర్ది వణికిన చేతుల గురించి చెప్పాలి. చెప్పలేదు. సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పుడు చూస్తే, ఆ కుర్చీలో కొత్త కార్ల బొమ్మల పుస్తకాలు కట్టలు కట్టలుగా పేర్చి ఉన్నాయి.

ఆయన ఇంటికి చేరేలోపే కబురు చేరింది. బామ్మర్ది అక్కకి ఫోను చేశాడు. బావ వద్దన్నాడని చెప్పి ఊరుకుంటే వాడు వాడెలా అవుతాడు? తను ఎంత బ్రహ్మాండంగా నడిపాడో చెప్పాడు, బావ ఓర్చుకోలేకపోయాడని కూడా కలిపాడు. పరువు కాపాడుకునే కంగారులో మనిషి ఎంత దూరమైనా వెళతాడు.

చెప్పులు విప్పుతుండగానే భార్య ఎదురొచ్చింది.

"ఏమండీ, మా తమ్ముడు పైకొస్తే మీకంత కడుపుమంటా?"

ఆయన గోడ పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు.

"వాడేమన్నా మిమ్మల్ని కొనిపెట్టమన్నాడా? వాడి కష్టం, వాడి సరదా. మీకు ఆ కుర్చీ కూడా వచ్చేది కదా. రాత్రిళ్ళు మోకాలు పట్టుకుని మూలిగేది మీరే కదా. వాడి మీద ఏడవడం కోసం అది కూడా వదులుకున్నారా? మాట్లాడరేం?"

ఆ మాట గట్టిగానే తగిలింది. పరాయివాళ్ళంటే దులుపుకుని పోయేవాడు. ఈమె కూడా నమ్మిందా అనుకున్నాడు, కళ్ళు మండాయి. జరిగింది చెబితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. కానీ చెబితే లారీ సంగతి చెప్పాలి. ఒక్కగానొక్క తమ్ముడు చక్రం కిందికి పోబోయాడని తెలిస్తే ఆమెకి ఇక నిద్ర ఉండదు. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. కిటికీ కనపడింది.

"ఎదురింటి పిట్టగోడ మీద చూడు" అన్నాడు. "ఎన్ని పావురాలు వాలాయో."

ఆమె కిటికీ వైపు చూడలేదు. నోట్లో ఉన్న తర్వాతి మాట అక్కడే ఆగిపోయింది. ఆయన మొహం వైపే చూస్తూ కాసేపు నిలబడింది. తర్వాత వచ్చి మంచం అంచున కూర్చుంది.

"వాడికేమైంది?" అంది, గొంతు తగ్గించి.

"ఏం కాలేదు. క్షేమంగా ఇంటికెళ్ళాడు."

"ఏదన్నా అవుతుందని మీరే ఆపారా?"

ఆయన పావురాలని లెక్కపెడుతున్నట్టు కిటికీ వైపే చూస్తున్నాడు. ఆమె ఇంక అడగలేదు. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు కాచి, రబ్బరు సంచిలో పోసి తెచ్చి, ఆయన మోకాలి మీద పెట్టి, జారిపోకుండా చేత్తో పట్టుకుంది. రేపు మళ్ళీ ఆ సీట్లోనే కూర్చోవాలని ఇద్దరికీ తెలుసు. ఆమె కళ్ళు ఒత్తుకుని, "నాతో తిన్నగా చెబితే ఏం పోతుందండీ? జన్మలో ఒక్కసారన్నా తిన్నగా మాట్లాడరా?" అంది.

"ఇవాళ మాట్లాడాను" అన్నాడు బాబాయి కళ్ళు మూసుకుని. "అలవాటు లేదు కదా. ఒళ్ళంతా నొప్పిగా ఉంది."